ఇంటి నుంచి ఎల్‌శాట్: మీ ప్రశ్నలు, నా జవాబులు

ముప్పై నాలుగేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తల్లిగా అమెరికాలో లా స్కూల్లో చేరానని పోయిన నెల ఇదే శీర్షికలో ఒక్క ముక్క రాశాను. అప్పటి నుంచి మెయిల్ డబ్బా ఖాళీ అవడం లేదు. అడిగేది చాలామంది ఒకటే: అక్కడి లా స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌ని ఇంట్లో కూర్చుని రాయొచ్చట కదా, ఎలా? నేను రెండుసార్లూ ఇంటి నుంచే రాశాను. 2021 అక్టోబర్‌లో 156 వచ్చింది, 2022 జనవరిలో 163. ఆ మూడు నెలల్లో నాకు కొత్తగా వచ్చి పడ్డ తెలివితేటలేమీ లేవు. గది మారింది, చదివే తీరు మారింది. ఈసారి జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి, ముందే చెబుతున్నా.

అక్కా, నాకు 36 ఏళ్లు. విజయవాడలో బీటెక్ చేశాను. మా ఆయన ఉద్యోగం మీద ఆధారపడే హెచ్-4 వీసాతో వచ్చి తొమ్మిదేళ్లయింది. 2026 ఏప్రిల్ ఎల్‌శాట్‌కి రిజిస్టర్ చేసుకున్నాను. ఇంటి నుంచి రాయాలా, సెంటర్‌కి వెళ్లాలా తేలడం లేదు. మా ఆయన సెంటర్‌కే వెళ్లమంటున్నారు. మా అత్తగారు ఇక్కడే ఉన్నారు, పిల్లల్ని చూసుకుంటానంటున్నారు. మీరైతే ఏం చేస్తారు? (ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్)

చెల్లీ, తలుపుకి గడియ పడే గది ఒకటి, మూడు గంటలపాటు ఆ తలుపు వైపు రాని మనుషులు ఉంటే ఇల్లు. ఈ రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా సెంటర్. నేనిలా తేల్చి చెప్పడానికి కారణం నా మొదటి పరీక్ష.

అప్పుడు మేం అర్వింగ్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఇల్లు కదా, సొంత కుర్చీ, సొంత బల్ల, ఇంక టెన్షన్ ఏముంది అనుకున్నాను. పరీక్ష మొదలయ్యే ముందు తెర అవతలి పర్యవేక్షకుడు ల్యాప్‌టాప్ ఎత్తి నాలుగు గోడలూ చూపించమన్నాడు. గోడకి వెంకట్రామా క్యాలెండర్ ఉంది. తిథులు, వర్జ్యాలు, దుర్ముహూర్తాలు చీమల బారులా ఉంటాయిగా, అవి అతనికి నేను రాసి పెట్టుకున్న నోట్సులా కనిపించినట్టున్నాయి. తీసేయమన్నాడు. మేకు మీంచి తీసి మంచం కిందకి తోశాను. మంచం కింద కూడా చూపించమన్నాడు. అక్కడ రెండు సూట్‌కేసులు, ఆవకాయ జాడీ, పిల్లాడి బొమ్మల డబ్బా. ఒక్కోటీ బయటికి లాగి, కెమెరాకి చూపించి, మళ్లీ లోపలికి నెట్టేసరికి నలభై నిమిషాలు పట్టింది. మొదటి ప్రశ్న తెర మీదకి వచ్చేసరికి జాకెట్ వీపుకి అంటుకుపోయింది.

అది ఆరంభమే. రెండు సెక్షన్లయ్యాక పది నిమిషాల విరామం ఇస్తారు. అది కూడా అయ్యి మూడోది మొదలుపెట్టి ఆరు ప్రశ్నలు చేశాను. వంటింట్లో మిక్సీ గుర్రుమంది. మా అత్తగారు అప్పటిదాకా ఎంతో ఓపిక పట్టారు పాపం. పిల్లలకి ఆకలవుతోందని కొబ్బరి పచ్చడికి మిక్సీ వేశారు. పక్కనే మైక్రోవేవ్ తిరుగుతోంది. రెండూ ఒకే లైను మీద ఉన్నాయి, బ్రేకర్ పడిపోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది గానీ రౌటర్ చచ్చిపోయింది. మా ఆయన పరుగెత్తి బ్రేకర్ పైకి నెట్టి, రౌటర్ దీపాలన్నీ వెలిగి, నిఘావాళ్లు మళ్లీ లైన్లోకి వచ్చి, గది మొత్తం ఇంకోసారి చూపించుకుని కూర్చునేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. పరీక్ష గడియారం ఆగిన చోట నుంచే నడిచింది. నేనే నడవలేకపోయాను. చదివిన పేరానే నాలుగుసార్లు చదివాను.

జనవరిలో ఏం చేశానంటే, మా ఆయన, అత్తగారు, పిల్లలు పొద్దున్నే స్నేహితుల ఇంటికి వెళ్లిపోయారు. మంచం ఉన్న గది వదిలేసి, వాక్-ఇన్ క్లాజెట్ ఖాళీ చేసి అందులో మడత బల్ల వేసుకున్నాను. నాలుగు గోడలూ బోసిగా ఉన్నాయి. చూపించడానికి నాలుగు నిమిషాలు పట్టలేదు. రౌటర్ నుంచి పొడుగాటి కేబుల్ లాగి నేరుగా ల్యాప్‌టాప్‌కి గుచ్చాను. పరీక్షకి ముందు రెండు వారాలు ప్రాక్టీసు కూడా అక్కడే, అదే కుర్చీలో, అదే వేళకి.

ఇప్పుడు మీ సంగతి. నేను రాసినప్పటికీ ఇప్పటికీ పరీక్ష నడిపే కంపెనీ మారింది. 2023 ఆగస్టు నుంచి ప్రోమెట్రిక్ చూస్తోంది, ఇల్లా సెంటరా అని ఎంచుకునే వీలు అప్పుడే వచ్చింది. ఇంటి నుంచి అయితే వాళ్ల సాఫ్ట్‌వేర్ ముందే దించుకుని, పరీక్ష రోజు వాడబోయే ల్యాప్‌టాప్‌లోనే, వాడబోయే నెట్ మీదే, కూర్చోబోయే గదిలోనే సిస్టమ్ చెక్ చేసుకోండి. మీవారి ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రం ముట్టుకోకండి. అందులో ఉండే వీపీఎన్‌లు, తాళాలు ఈ సాఫ్ట్‌వేర్‌తో సరిపడవు. రెండో మానిటర్ ఉంటే కేబుల్ పీకి ఊరుకోకుండా గదిలోంచే తీసేయండి. చొక్కా చేతులు, కళ్లజోడు, చెవుల వెనక కూడా చూపించమంటారు. గాజులు, వేలాడే జూకాలు ముందే తీసి పెట్టుకుంటే ఆ మాటే రాదు. జడ చెవుల మీదకి రాకుండా బిగించి వేసుకోండి. చిత్తు పనికి కొన్ని ఖాళీ కాగితాలు ఉంచుకోవచ్చు, రెండు వైపులా తిప్పి చూపించాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, పేరు ఒక ఎత్తు. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో కుక్కేసినవి చాలా ఉంటాయి. అలాంటివాళ్లకి వీసా మీద పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. అది చూసి ఇచ్చే డ్రైవింగ్ లైసెన్సులోనూ అదే దిగుతుంది. పరీక్ష రోజు మీరు ఏ కార్డు చూపించబోతున్నారో ఈరోజే నిర్ణయించుకోండి. ఎల్‌శాట్ పెట్టే సంస్థ ఎల్‌శాక్‌లో మీరు తెరిచిన ఖాతాలో పేరు అచ్చం ఆ కార్డులో ఉన్నట్టే ఉందా చూడండి. తేడా ఉంటే ఇప్పుడే రాసి మార్పించుకోండి. పరీక్ష గంటలో ‘మా ఇంటిపేరు ముందు వస్తుందండీ, అది మా ఆచారం’ అని పర్యవేక్షకుడికి వివరించే సమయం ఉండదు.

ఇంకొక్కటి. ఇంటి నుంచి రాయడం అందరికీ దొరికే రోజులు అయిపోవస్తున్నాయి. 2026 ఆగస్టు పరీక్ష నుంచి దాదాపు అందరూ సెంటర్‌కే వెళ్లాలి. ఆరోగ్య కారణాలున్నవారికీ, సెంటర్‌కి చేరడం మరీ కష్టమైనవారికీ మాత్రమే ఇల్లు. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కుతున్నాయన్న బెంగే అందుకు కారణం. కాబట్టి ఏప్రిల్ తర్వాత మళ్లీ రాయాల్సి వస్తుందేమో అన్న అనుమానం ఉంటే సెంటర్‌కి ఇప్పుడే అలవాటు పడటం నయం. మీవారు ఆ ఉద్దేశంతోనే అన్నారేమో అడగండి.

మేడమ్, నేను హనుమకొండలో ఎల్‌ఎల్‌బీ చివరి ఏడాది చదువుతున్నాను. అమెరికాలో ఎల్‌ఎల్‌ఎం చేయాలని ఉంది. ఎల్‌శాట్ రాయాలా? ఎల్‌శాట్ ఇండియా రాస్తే సరిపోతుందని ఒక ఫ్రెండ్ అన్నాడు. అసలు ఇంటి నుంచి ప్రవేశ పరీక్ష అంటేనే మా ఇంట్లో భయం. 2020లో మా అక్క ఎన్‌ఎల్‌ఏటీ రాసింది, అది రద్దయింది. (ఒక విద్యార్థి, హనుమకొండ)

తమ్ముడూ, ఎల్‌ఎల్‌ఎంకి చాలా కాలేజీలు ఎల్‌శాట్ అడగవు. మార్కులు, ఇంగ్లిష్ పరీక్ష, సిఫార్సు లేఖలు చూస్తాయి. ఎల్‌శాట్ కావలసింది జేడీకి, అంటే అక్కడి మూడేళ్ల మొదటి లా డిగ్రీకి. దానికి కూడా ఇప్పుడు చాలా కాలేజీలు జీఆర్‌ఈ తీసుకుంటున్నాయి. ఇక ఎల్‌శాట్ ఇండియా వేరే పరీక్ష. మన దేశంలోని కొన్ని ప్రైవేటు లా కాలేజీల కోసం పెట్టింది, 2024తో ఆగిపోయింది. మీ ఫ్రెండ్ ఏదో పాత వీడియో చూసి ఉంటాడు.

మీ అక్క విషయం వింటే జాలేసింది. ఆ సెప్టెంబర్ నాకూ గుర్తుంది. కోవిడ్ వల్ల నేషనల్ లా యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష క్లాట్ వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే బెంగళూరు నేషనల్ లా స్కూల్ ఎన్‌ఎల్‌ఏటీ అని విడిగా తన పరీక్ష తాను ఇంటి నుంచి పెట్టుకుంది. సెప్టెంబర్ 12న 45 నిమిషాల్లో 40 ప్రశ్నలు. లాగిన్ కాలేక ఎందరో ఏడ్చారు, 14న మళ్లీ పెట్టారు. దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్లినవారిలో అదే యూనివర్సిటీ మాజీ వైస్ ఛాన్సలర్, అంతకుముందు మన విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ ఆర్. వెంకటరావు గారు కూడా ఉన్నారు. 21న కోర్టు ఆ పరీక్షను కొట్టేసింది. 28న అందరికీ క్లాటే పెట్టారు, సెంటర్లలో. నెట్ సరిగా లేని ఊళ్ల పిల్లల సంగతేమిటన్న ప్రశ్న అప్పుడు గట్టిగా లేచింది. అది న్యాయమైన ప్రశ్నే. ఆ భయం ఎల్‌ఎల్‌ఎంకి మాత్రం అడ్డు కాదు, అమ్మానాన్నలకి అలా చెప్పండి.

అమ్మా, మా అబ్బాయి జార్జియాలో డిగ్రీ మూడో సంవత్సరం. తెలివైనవాడే. ఎల్‌శాట్ ప్రాక్టీసులో మాత్రం 152 దాటడం లేదు. రోజుకి ఎన్ని గంటలు చదివించాలి? సిలబస్ ఎక్కడ దొరుకుతుంది? సిలబస్ మొత్తం ఒకసారి పూర్తి చేయించి, రెండోసారి రివిజన్ పెట్టిద్దామని నా ఆలోచన. మంచి కోచింగ్ చెప్పండి. (ఒక తండ్రి, ఆల్ఫరెట్టా)

అన్నగారూ, ఈ పరీక్షకి సిలబస్ లేదు. మనం ఎంసెట్ పుస్తకాల మీద పెరిగిన వాళ్లం కాబట్టి ఆ మాట నమ్మడానికి టైమ్ పడుతుంది. నాకూ పట్టింది. ‘పూర్తి చేయడానికి’ ఇందులో ఏమీ ఉండదు. ఒక్కోటి 35 నిమిషాల చొప్పున నాలుగు సెక్షన్లు. లెక్కలోకి వచ్చేవి మూడు: తర్కం రెండు, చదివి అర్థం చేసుకునేది ఒకటి. నాలుగోది వాళ్లు కొత్త ప్రశ్నల్ని పరీక్షించుకోవడానికి పెట్టేది. అది ఏదో మనకి తెలియనివ్వరు. స్కోరు 120 నుంచి 180 దాకా. తప్పుకి మార్కు కోత లేదు, కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలకూడదు.

మా కాలంలో లాజిక్ గేమ్స్ అని ఇంకో సెక్షన్ ఉండేది. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఏ రోజు ఎవరి వంతు, ఇలాంటివి. బ్యాంకు పరీక్షలు రాసిన మనవాళ్లకి అది పండగ. బొమ్మలు గీసుకుని చేయాల్సిన ఆ ప్రశ్నలు చూపు లేనివారికి అన్యాయమని కేసు పడింది. 2019లో రాజీ కుదిరింది. 2024 ఆగస్టు నుంచి అవి లేవు. ఎవరైనా మీకు పాత పుస్తకాల కట్ట ఇస్తే ఆ సెక్షన్ పక్కన పెట్టించండి.

తర్కం ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను, నేను కట్టిందే. ‘లిఫ్ట్ పాడైతే పాలబ్బాయి పాలు వాచ్‌మన్ దగ్గరే పెట్టి వెళ్తాడు. ఈరోజు పాలు వాచ్‌మన్ దగ్గర ఉన్నాయి. కాబట్టి లిఫ్ట్ పాడైంది.’ వినగానే సరిగ్గానే ఉన్నట్టుంటుంది. కానీ లిఫ్ట్ బాగానే ఉండి, పాలబ్బాయికి కాలు నొప్పి ఉండొచ్చు. మీరు ఊరెళ్లారనుకుని ఉండొచ్చు. లిఫ్ట్ పాడైతే పాలు కింద ఉంటాయన్నారు గానీ, పాలు కింద ఉంటే లిఫ్ట్ పాడైనట్టేనని ఎవరూ అనలేదు. ఇదే పొరపాటుని ఇంగ్లిష్‌లో డైనోసార్ల గురించో, పన్నుల గురించో, ఏదో ఊరి మేయర్ గురించో తిప్పి రాసి, కింద ఐదు జవాబులిస్తారు. ఒక సెక్షన్‌లో ఇలాంటివి పాతిక. ఒక్కోదానికి నిమిషంన్నర కూడా రాదు.

ఇందులో మన పిల్లలు ఎక్కువగా పడే గుంట, బయటి జ్ఞానం తేవడం. సైన్సు చదివిన పిల్లాడు ‘నిజానికి అలా జరగదు కదా’ అని జవాబు మారుస్తాడు. కాగితం మీద లేనిది లేనట్టే. రెండో గుంట నాకు ప్రత్యేకంగా తగిలింది, మీ అబ్బాయి అక్కడే పెరిగాడు కాబట్టి అతనికి తగలకపోవచ్చు. ‘కొందరు వచ్చారు’ అంటే తెలుగులో మనకి ‘అందరూ రాలేదు’ అనే అర్థం. ఎల్‌శాట్‌లో ‘కొందరు’ (సమ్) అంటే కనీసం ఒక్కరు, అంతే. అందరూ వచ్చినా ఆ మాట అబద్ధం కాదు. ‘ఎక్కువమంది’ (మోస్ట్) అంటే సగానికి మించి. ఒక నెల నా తప్పుల్ని లెక్క పెడితే 61లో 23 ఈ బాపతే!

అవి ఎలా లెక్క పెట్టానంటారా? పొడుగు నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసుకున్నాను. నేను ఏ జవాబు పెట్టాను, అది నాకెందుకు నచ్చింది, అసలు జవాబు నాకెందుకు నచ్చలేదు. మూడో గడి రాయడమే కష్టం, ఫలితం కూడా అందులోనే ఉంది. టైమ్ పెట్టుకుని పరీక్ష చేసిన రోజున, జవాబులు చూడకముందే, అనుమానం ఉన్న ప్రశ్నలన్నీ తీరుబడిగా మళ్లీ చేయాలి. దాన్ని బ్లైండ్ రివ్యూ అంటారు. తీరుబడిగా చేసినా తప్పే వస్తే అర్థం కాలేదని లెక్క, సరిగ్గా వస్తే వేగం చాలలేదని లెక్క. రెండిటికీ మందు వేరు. రోజుకి రెండు గంటలు ఇలా కూర్చుంటే చాలు. ఎనిమిది గంటలు కూర్చోబెట్టకండి, బుర్ర బిగుసుకుపోతుంది.

కోచింగ్ పేర్లు ఈ శీర్షికలో చెప్పను, అది నా నియమం. ఎల్‌శాక్ వాళ్ల ప్రాక్టీసు వెబ్‌సైటు లాహబ్‌లో ఉచిత ఖాతా తెరిస్తే కొన్ని పూర్తి పరీక్షలు దొరుకుతాయి. ఏడాది రుసుము కడితే పాతవి ఇంకా చాలా వస్తాయి. పరీక్ష రోజు కనిపించే తెర కూడా అదే. హైలైట్ చేయడం, జవాబులు కొట్టేయడం, ప్రశ్నకి జెండా గుచ్చడం, ఐదు నిమిషాల హెచ్చరిక, అన్నీ అక్కడే అలవాటవుతాయి. పుస్తకం మీద పెన్సిల్‌తో ప్రాక్టీసు చేసి తెర మీద పరీక్ష రాస్తే మొదటి సెక్షన్ వేళ్లకే సరిపోతుంది.

ఒక్కటి మాత్రం మీ చేతిలో ఉంది. అతను ప్రాక్టీసు పరీక్ష చేసేటప్పుడు తలుపు తీసి ‘ఎంత వచ్చింది నాన్నా’ అని అడగకండి.

అక్కా, నాకు పైకి చదివితే తప్ప బుర్రకెక్కదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఇంటి నుంచి రాసేటప్పుడు పెదవులు కదిలితే హెచ్చరిస్తారని విన్నాను. నిజమేనా? (ఒక పాఠకుడు, 24 ఏళ్లు, ఎడిసన్, న్యూజెర్సీ)

నిజమే తమ్ముడూ, నన్నూ హెచ్చరించారు. పైకి చదవకూడదన్నది నియమం. ఎవరికో ప్రశ్న వినిపిస్తున్నావేమో అని వాళ్ల అనుమానం. నేను పైకి చదవడం లేదనే అనుకున్నాను. పక్కన చిన్న పెట్టెలో ‘దయచేసి నిశ్శబ్దంగా చదవండి’ అని వచ్చేదాకా నాకే తెలియదు. తెనాలిలో మా బళ్లో ఎక్కాలూ, సుమతీ శతకమూ అరిచి అరిచి నేర్చుకున్న నోరు అది, ఊరుకోమంటే ఊరుకుంటుందా?

పరీక్ష అయ్యాక మా ఆయన ఒక పని చేశారు. నేను ప్రాక్టీసు చేస్తుంటే ఎదురుగా ఫోన్ పెట్టి పది నిమిషాలు వీడియో తీశారు. చూస్తే నవ్వాగలేదు. తేలిక ప్రశ్నకి పెదవులు కదలవు. ‘తప్ప’, ‘అయితేనే’ లాంటి మెలిక వచ్చిన చోట మాత్రం జపం మొదలు. ఇంకోటి, ఆలోచించేటప్పుడు పై కప్పు వైపు చూస్తున్నాను, అరచేత్తో నోరు మూసుకుంటున్నాను. అవి కూడా కెమెరా అవతలివాళ్లకి నచ్చవు.

నోటికి నా మందు లవంగం. ప్రాక్టీసు వేళ ఒక లవంగం ముందు పళ్ల మధ్య పట్టుకుని కూర్చునేదాన్ని. నోరు కదిపితే ఘాటు నాలుకకి తగులుతుంది. మొదటి రోజు అరగంటలో నాలుగు నమిలేశాను. మూడో వారానికి ఒకటే లవంగం సెక్షన్ అంతా నిలిచింది. పరీక్షలో మాత్రం నోట్లో ఏమీ పెట్టుకోకు, ఏమిటది అని అడుగుతారు. కంటికి మందు, మెలిక ఉన్న వాక్యాన్ని తెర మీదే హైలైట్ చేసి, చూపు అక్కడే నిలపడం. లేదంటే ఆ చిత్తు కాగితం మీద రెండు బాణం గుర్తులు గీసుకోవడం. చెయ్యి కదిలితే నోరు ఊరుకుంటుంది, ఎందుకో నాకూ తెలియదు.

వ్యాసం కూడా రాయాలట, దానికి మార్కులు లేవట. మరి ఎందుకు రాయాలి? (ఒక పాఠకురాలు, బే ఏరియా)

అది రాస్తేనే స్కోరు విడుదల చేస్తారు కాబట్టి. ఒక వాదం మీద పక్షం తీసుకుని రాయాలి. ఆలోచించుకోవడానికి 15 నిమిషాలు, రాయడానికి 35. పరీక్ష తేదీకి ఎనిమిది రోజుల ముందే తలుపు తెరుస్తారు, విడిగా మీకు వీలైన రోజున ఇంట్లోనే రాసుకోవచ్చు. మార్కుల్లేవు గానీ మీరు దరఖాస్తు చేసిన ప్రతి కాలేజీకీ ఆ వ్యాసం వెళ్తుంది. నా సలహా: అసలు పరీక్షకంటే ముందే రాసేయండి. కెమెరా ముందు కూర్చోవడం ఎలా ఉంటుందో మార్కుల భయం లేకుండా ఒకసారి తెలుస్తుంది. నేను మొదటిసారి తర్వాత చూద్దాంలే అని వదిలేశాను, ఆ ముందు రోజు రాసి ఉంటే క్యాలెండర్ గొడవ అప్పుడే తేలిపోయేది.

నవంబర్‌లో ఇంటి నుంచి రాశాను. మధ్యలో రెండుసార్లు కనెక్షన్ పోయింది. స్కోరు 149. ప్రాక్టీసులో 158 వచ్చేది. మా ఇంట్లో నెట్ బాగానే ఉంది, తప్పు అవతలివాళ్లదే. నేనేం చేయగలను? (పేరు, ఊరు వద్దన్నారు)

ఫిర్యాదు ఆ వారంలోనే రాతపూర్వకంగా పెట్టి ఉండాల్సింది. చాలామంది స్కోరు వచ్చాక చూద్దామని ఆగుతారు, ఈలోగా గడువు దాటిపోతుంది. మీరు చాట్‌లో ఏం రాశారో, ఏ సెక్షన్‌లో ఏ నిమిషానికి తెగిందో ఇప్పటికైనా గుర్తున్నంతవరకు కాగితం మీద పెట్టుకోండి, కాలేజీలకి రాసే అనుబంధ లేఖలో నాలుగు వాక్యాలకి పనికొస్తుంది. నాలుగు చాలు. ఏడుపు వినిపించకూడదు. తేదీ, జరిగింది, మళ్లీ రాసినప్పటి స్కోరు.

స్కోర్ ప్రివ్యూ తీసుకున్నారా లేదా మీరు రాయలేదు. తీసుకుంటే స్కోరు చూశాక ఆరు రోజుల్లో వద్దనుకుని రద్దు చేసుకునే వీలుంటుంది. ఇప్పుడా గడువు ఎలాగూ అయిపోయి ఉంటుంది, వచ్చేసారికి గుర్తుంచుకోండి. మళ్లీ రాయడానికి భయపడకండి. అయిదేళ్ల లెక్కలో ఐదుసార్లు, మొత్తం జీవితంలో ఏడుసార్లు రాయనిస్తారు. చాలా కాలేజీలు అన్నిటికంటే పెద్ద స్కోరే చూసుకుంటాయి. నా 156 గురించి నన్ను ఇంటర్వ్యూలో ఎవరూ అడగలేదు. కొబ్బరి పచ్చడి కథ చెప్పే అవకాశం రాలేదని కాస్త చిన్నబోయాను కూడా.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పనా? తొమ్మిది మార్కుల తేడాకి రెండుసార్లు తెగిన నెట్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. ప్రాక్టీసులో 158 ఎలా వచ్చింది? మధ్యలో ఆపి టీ తాగారా? నాలుగు సెక్షన్లూ ఒకే ఊపులో చేశారా, మూడే చేశారా? నా మొదటి ప్రాక్టీసు స్కోర్లన్నీ సోఫాలో కూర్చుని చేసినవి. వాటిని నమ్మి మోసపోయాను. ఈసారి నాలుగు సెక్షన్లు, పది నిమిషాల విరామం, గడియ వేసిన తలుపుతో ఐదు పరీక్షలు చేయండి. ఆ ఐదింటి సగటే మీ అసలు స్కోరు అనుకోండి.

చివరగా చిన్న ప్రశ్న అక్కా. పరీక్ష రోజు ఏం తిన్నారు? (ఫ్రిస్కో పాఠకురాలే, రెండో మెయిల్)

మొదటిసారి మా అత్తగారు శుభమని పూర్ణాలు చేశారు. నాలుగు తిన్నాను, రెండో సెక్షన్‌లో ఆవులింతలు. రెండోసారి పెరుగన్నం ఓ గిన్నెడు, కొంచెం అల్లం ముక్కతో. విరామంలో రెండు ఖర్జూరాలు, గుక్కెడు నీళ్లు. నీళ్లు గుక్కెడే చెల్లీ, సెక్షన్ మధ్యలో లేస్తే గడియారం మీ కోసం ఆగదు.